ఈరన్న చేను తెరుచుకోని వారం

ఆదోనిలో జిన్నింగు మిల్లుల రోడ్డు మీద ఉండే కంప్యూటర్లకు ఒక రోగం ఉంటుంది. మూత తీస్తే లోపల పత్తి కనపడుతుంది. ఫ్యాను రెక్కలకు చుట్టుకుని, దాని కింది రేకు సందుల్లో పేరుకుని, పిట్ట గూడు కట్టినట్టు ఉంటుంది. హులిగెమ్మ ఈ పనిలోకి వచ్చింది ఆ పత్తి తీయడంతోనే.

అప్పట్లో ఆమె ఒక మిల్లులో కాటా దగ్గర చీటీలు కొట్టేది. సీజన్ మధ్యలో కంప్యూటర్ ఆగిపోయింది. పత్తి బండ్లు గేటు బయట రోడ్డు పొడుగునా నిలబడిపోయాయి. కర్నూలు నుంచి మనిషి వచ్చి, మూత తీసి, బ్రష్షుతో దూది లాగేసి, మళ్ళీ మూత బిగించి వెళ్ళాడు. ఆమె పక్కన నిలబడి చూసింది. ఇంకోసారి అది ఆగినప్పుడు కర్నూలుకు ఫోన్ పోలేదు. ఆ తర్వాత మిల్లులో పాడై మూలన పడేసిన మిషన్లను అడిగి ఇంటికి తెచ్చుకోవడం మొదలుపెట్టింది. భర్త గోపన్న అదే మిల్లులో ఫిట్టర్. "గిన్నెలు పెట్టుకునేదానికే తావు లేదు, నీ డబ్బాలు యాడ పెట్టేది?" అని సణుగుతూనే ఇనుప కాళ్ళతో ఒక బల్ల చేసి ఇచ్చాడు. ఇప్పటికీ ఆమె పని చేసేది ఆ బల్ల మీదే.

ఆమె షాపుకీ నా షాపుకీ మధ్య ఒకటే గోడ. నేను మోటార్లకు వైండింగ్ చేస్తాను. పని లేనప్పుడు ఆమె పని చూస్తూ కూర్చోవడం నాకు అలవాటైంది. మిషన్ బల్ల మీదికి రాగానే, అది తెరుచుకునే స్థితిలో ఉంటే, లోపల ఉన్నదంతా ముందు ఇంకో డిస్కులోకి ఎక్కించి పెడుతుంది. ఆ తర్వాత ఒక ప్రశ్న అడుగుతుంది: "ఏం మార్చినారు?" వచ్చినవాళ్ళలో ఎక్కువమంది "ఏం మార్చలేదక్కా" అంటారు. ఆమె నమ్మదు, అట్లాగని వాదించదు. ఒకటి మార్చి చూస్తుంది. ఫలితం లేకపోతే దాన్ని ఎట్లా ఉన్నదాన్ని అట్లా పెట్టి, అప్పుడు ఇంకోదాని జోలికి పోతుంది. వైండింగ్‌లోనూ అంతే. కాయిళ్ళన్నీ ఒకేసారి విప్పి పోగేసినవాడికి కాలింది ఏదో ఎన్నటికీ తెలియదు.

దసరా అయిపోయిన తర్వాత ఒక ఉదయం హనుమేష్ సీపీయూని బైకు ట్యాంకు మీద పెట్టుకుని వచ్చాడు. ఎమ్మిగనూరు రోడ్డులో ఒక పల్లె అతనిది. ఆదోనిలో విత్తనాల అంగడి నడుపుకుంటున్నాడు.

"అక్కా, దీంట్లో గేమ్ ఒకటి ఓపెన్ కావడం లేదు. ఫార్మాట్ కొట్టి మళ్ళా ఎక్కించు. సాయంత్రం పోతా తీసకపోతా."

"ఏం గేమప్పా?"

"ట్రాక్టర్ గేమ్. మా నాయన ఆడతాడు."

హులిగెమ్మ చేతిలోని స్క్రూడ్రైవర్ ఆగింది. "దేవేంద్రప్ప గేమ్ ఆడతాడా?"

"నవ్వుకో. ఊర్లో అందరు నవ్వేది అయిపోయింది. నువ్వొకతివే మిగిలింటివి."

"నేను నవ్వలేదు. చెప్పు."

అతను కూర్చుని చెప్పాడు. దేవేంద్రప్పకు పోయిన ఏడాది వాతం కొట్టి కుడి చెయ్యి పడిపోయింది. ఆసుపత్రిలో రబ్బరు బంతి ఇచ్చి పిసకమన్నారు. "బంతి పిసుక్కుంటా కూచోడానికి నేనేం పిల్లోన్నా?" అని ఆయన దాన్ని గంపలో వేశాడు. హనుమేష్ భార్య శివలీల అంగడిలో వాడి పక్కన పెట్టిన పాత కంప్యూటర్ తెప్పించి, అందులో ట్రాక్టర్‌తో సేద్యం చేసే ఆట ఒకటి వేయించింది. మొదటి రోజు ఆయన దాని వైపు చూడలేదు. తెర మీద ట్రాక్టర్‌ను ఆమె అడ్డదిడ్డంగా తోలడం చూసి ఉండలేక, "గేరు తగ్గియ్యి, మడక ఎత్తకుండా యట్ల తిప్పుతావు?" అని దగ్గరికి వచ్చాడు. అప్పటి నుంచి రోజూ ఆడుతున్నాడు. వేళ్ళు కొద్దికొద్దిగా వంగడం మొదలైంది. చెంచా పట్టుకునేదాకా వచ్చాడు.

"ఇప్పుడు వారం నుంచి ఆ గేమ్ రావడం లేదు," అన్నాడు హనుమేష్. "చెయ్యి ఒళ్ళో పెట్టుకుని గమ్మున కూచున్నాడు. అన్నం మళ్ళా ఎడం చేత్తోనే తింటాండాడు. డాక్టరేమో ఈ టయానికి ఆడించకపోతే చెయ్యి బిగుసుకపోతాది, మళ్ళా రాదు అంటాడు."

"ఫార్మాట్ కొడితే ఆయన ఇన్నాళ్ళు చేసిన సేద్యమంతా పోతాదప్పా."

"పోనీలే. మళ్ళా మొదట్నుంచి చేసుకుంటాడు. నిజం సేద్యం అంతకంటే ఎక్కువసార్లు పోయింది."

"ఏం మార్చినారు?"

"ఏం మార్చలేదక్కా. తెరుచుకోకపోతే మా బామ్మర్ది శ్రీకాంత్‌కు ఫోన్ చేస్తి. ఏదో ఫైలు తక్కువైంది, నెట్‌లో దొరుకుతాది తెచ్చి వెయ్యి అన్యాడు. ఏస్తి."

"అది మార్చినట్టు కాదా?"

"అది ఆగిపోయినంక కదా."

అతను అంగడికి వెళ్ళిపోయాడు. హులిగెమ్మ ముందు అలవాటు ప్రకారం అంతా ఎక్కించి పెట్టుకుని, ఆట తెరిచింది. నల్లటి తెర ఒక్క క్షణం వచ్చి, దాని మీద చిన్న పెట్టె పడింది. కావలసిన ఫైల్ తెరవడం కుదరలేదని, ఇంతటితో ఆపేస్తున్నానని దాని సారాంశం.

శ్రీకాంత్ చెప్పిన ఫైల్‌ను ముందు తీసేసింది. ఊరూ పేరూ లేని చోటు నుంచి తెచ్చిన ఫైల్ ఒక్కోసారి సరిపోతుంది, ఎక్కువసార్లు ఇంకో తంటా తెస్తుంది. తీసి చూస్తే అదే పెట్టె. యాంటీవైరస్ ఏమైనా పట్టుకుని దాచిందేమోనని చూసింది. ఆటకు సంబంధించిన ఫైల్ ఒకటి నిజంగానే అక్కడ బందీగా ఉంది. దాన్ని విడిపించింది. మళ్ళీ అదే పెట్టె. ఆటలోనే తన ఫైళ్ళు తాను సరిచూసుకునే ఏర్పాటు ఒకటి ఉంటుంది. అది నడిపితే అన్నీ ఉన్నాయి, ఏదీ చెడలేదు అని వచ్చింది.

మధ్యాహ్నం టీ గ్లాసుతో నా షాపు ముందుకు వచ్చి నిలబడింది. "సామాన్లన్నీ ఇంట్లోనే ఉండాయి, తలుపు తీసే ఉండాది. లోపలికి పోయినోడు మాత్రం ఏం లేదని బయటికి వస్తాండాడు."

"పోయేది వేరే ఇంటికేమో," అన్నాను ఊరికే.

ఆమె గ్లాసు నా బల్ల మీదే పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. నా మాటతోనే తట్టిందని ఆమె తర్వాత కూడా ఒప్పుకోలేదు. ఎట్లాగూ అక్కడికే వచ్చేదాన్ని అంది. అది నిజమే కావచ్చు.

ఇట్లాంటి ఆటలు తెరుచుకునేటప్పుడు తాము ఏ ఏ ఫైల్ కోసం ఎక్కడికి వెళ్ళామో వరసగా ఒకచోట రాసుకుంటూ పోతాయి. హులిగెమ్మ ఆ రాత తీసి కింది నుంచి పైకి చదివింది. ఆట వెళ్ళిన దారి అందులో ఉంది. డిస్క్ పేరు, దాని తర్వాత ఫోల్డర్ పేరు ఉండాల్సిన చోట వరసగా ప్రశ్నార్థకాలు, ఆ తర్వాత ఫైల్ పేరు. ఆమె డిస్క్ తెరిచి చూసింది. ఆట ఉన్న ఫోల్డర్ పేరు చక్కటి తెలుగులో ఉంది: శ్రీ ఉరుకుంద ఈరన్న స్వామి ప్రసన్న.

"పొద్దుట్నుంచి ఆ పేరు నా కండ్ల ముందరే ఉండాది," అంది నన్ను పిలిచి. "ఈ పక్క మిషన్లలో దేవుని పేరు లేని మిషన్ యాడుంటాది? చూసి చూడనట్టు పోతి."

ఆ ఆట తయారుచేసినవాళ్ళు తమ అక్షరాలతోనే దారులన్నీ కట్టుకున్నారు. తెలుగు అక్షరం ఎదురైతే ఆటకు అది ప్రశ్నార్థకంగానే కనపడుతుంది. ప్రశ్నార్థకాలతో ఏ ఫోల్డరూ ఉండదు కాబట్టి, ఉన్న ఫైల్‌నే లేదని చెప్పి ఆగిపోతుంది. ఆమె ఆ ఫోల్డర్ మొత్తాన్ని తన డిస్కులోకి, మామూలు ఇంగ్లీషు అక్షరాల పేరుతో ఇంకోచోట పెట్టి తెరిచింది. ఈసారి పెట్టె పడలేదు. కొండలు, ఆకాశం, ఎర్ర ట్రాక్టర్ వచ్చాయి.

"ఇట్లా చూడన్నా. ఈ గేమ్‌లో పొలాలన్నీ నలుచదరంగా ఉంటాయి. ఈయనది ఏంది ఇట్లుండాది?"

పైనుంచి చూపించే పటంలో ఒక పొలం మోచెయ్యి మడిచినట్టు వంకర తిరిగి ఉంది. వంకర దగ్గర మధ్యలో కొంత నేల దున్నకుండా వదిలేసి ఉంది. పక్కనున్న చిన్న పొలం ఒక మూల కోసుకుపోయినట్టు ఉంది. ఆ వంకర నాకు తెలుసు. అది దేవేంద్రప్ప ఈరన్న చేను. దున్నని చోట నిజం చేనులో ఈరన్న రాయి ఉండేది, దాని చుట్టూ ఎవరూ మడక పోనిచ్చేవాళ్ళు కాదు. మూల తెగినది ఊటబావి చేను. ఆ బావిలో మోటార్‌ను చివరిసారి పైకి తీసింది నేనే. ఆ తర్వాత ఊరి చుట్టూ చేలతోపాటు అవీ సోలార్ పలకలకు కౌలుకు పోయాయి. గట్లు చదును చేసి కంచె వేశారు.

ఆటలో కొన్న నలుచదరపు పొలాలను పెద్ద మడకతో గట్లు కలిపి దున్నుకుంటూ, వాటిని తన చేల ఆకారానికి తెచ్చాడు ఆయన. పడిపోయిన చేత్తో. ఫార్మాట్ కొడితే పోయేది ఇది.

సాయంత్రం హనుమేష్ వచ్చాడు. ఆమె ఫోల్డర్ పేరు చూపించింది.

"ఓస్, ఇదా. శివలీల రాసింది. మా నాయన రాయమన్యాడు. దసరాకు ట్రాక్టర్‌కు పూజ చేసి పేరు కొత్తగా రాయిస్తాం కదా. కంప్యూటర్లో గూడా ట్రాక్టర్ ఉండాది, దానికీ రాయాలని పట్టు పట్టినాడు."

"ఏం మార్చలేదంటివి కదప్పా."

"పూజ చేస్తే మార్చినట్టా అక్కా?" అన్నాడు. అతను నిజంగానే అడిగాడు.

హులిగెమ్మ ఆ ఫోల్డర్ పేరునే ఇంకోసారి చదివింది.

"ఇప్పుడేం, పేరు తీసేస్తే అయిపోతాది కదా," అన్నాడు అతను. "తీసెయ్. నాయనకు మాత్రం చెప్పొద్దు. దసరాకు రాసిన పేరు మళ్ళా దసరా వచ్చేదాకా తుడపకూడదంటాడు. ఒకసారి మెకానిక్ తెలియక బానెట్ మింద పేరుకు గ్రీసు పూసినాడని వాన్ని మళ్ళా ఇంటికి రానియ్యలా. ఈ ఫోల్డర్లోకి పోయి చూసేది ఆయనకు యాడొస్తాది?"

ఆ మాటలో తప్పేమీ లేదు. పేరు మార్చడం రెండు నొక్కుల పని. పెద్దాయనకు ఆట వస్తుంది, చెయ్యి ఆడుతుంది. హులిగెమ్మ మౌస్ మీద చెయ్యి పెట్టి కాసేపు ఉండి, తీసేసింది.

"రేపు పొద్దున నేనే వస్తా. ఈ పొద్దుకు దీన్ని ఈడనే ఉండనీ."

"ఎందుకక్కా అంత దూరం?"

"చెప్పకుండా మారిస్తే వచ్చే దసరాకు మళ్ళా రాస్తాడప్పా. అప్పుడు నేను ఊర్లో ఉంటానో లేదో, మీరు ఫార్మాట్ కొట్టిస్తారు."

మరుసటి రోజు ఆ ఊళ్ళోనే నాకు ఒక మోటార్ దించే పని ఉంది. మోటార్, సీపీయూ, ఆమె, నేను ఒకే ఆటోలో వెళ్ళాం. దేవేంద్రప్ప ఇంటి ముందు ట్రాక్టర్ నిలబడి ఉంది. చక్రాలకు పసుపు ఇంకా అంటుకునే ఉంది, బానెట్ మీద తెల్ల రంగుతో పేరు మెరుస్తోంది. హనుమేష్ ఇంకా అంగడికి బయలుదేరలేదు.

దేవేంద్రప్ప కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కుడి చెయ్యి ఒళ్ళో బోర్లా ఉంది.

"హులిగెమ్మా, నువ్వు గోపన్న పెండ్లామే కదా? బాగైందా నా బండి?"

"బండి బాగనే ఉండాది పెద్దాయనా. నిన్నొక మాట అడిగి పోదామని వస్తి."

"అడుగు. దుడ్లు మాత్రం హనుమేష్‌ను అడుగు."

శివలీల నవ్వి మజ్జిగ తెచ్చింది. హులిగెమ్మ సీపీయూకి తీగలన్నీ తగిలించి, ఆ ప్రశ్నార్థకాల రాతను తెర మీద పెట్టింది.

"ఇదిగో, గేమ్ లోపలికి పోయే దారి. ఈరన్న పేరు ఉండే తావులో చూడు, దీనికి ఇట్లా కనపడతాది."

ఆయన ముందుకు వంగి చూశాడు. "ఏందివి, కొడవండ్లా?"

"దానికి మన అక్షరాలు రావు పెద్దాయనా."

"అంటే సదువు రాదు దానికి."

"మన సదువు రాదు."

"నాకు దాని సదువు రాదు. సరిపాయె," అన్నాడు. తర్వాత నవ్వు ఆపి కొడుకు వైపు, కోడలి వైపు చూశాడు. "అయితే పేరు తీసెయ్యాలంటావా?"

శివలీల కొంగు సర్దుకుంది. "నేనే రాస్తి మామా. నాకు తెలియకపాయె," అంది.

"నువ్వు రాసింది నేను చెప్తేనే కదమ్మా." ఆయన చూపు కిటికీ బయటికి పోయింది. అటు ఇండ్ల కప్పుల వెనక పలకలు నీళ్ళ మడుగులా మెరుస్తున్నాయి. "ఆడ చేన్లో ఈరన్న రాయి గూడా పెరికి గట్టు మింద పెట్టినారు. ఇంగ ఈడ గూడా తీసెయ్యాలంటే నాకు మనసు ఒప్పదు. గేమ్ రాకపోతే రాకపోనీ."

హనుమేష్ నా వైపు చూశాడు. నేను చెప్పలేదా అన్నట్టుంది ఆ చూపు.

హులిగెమ్మ తొందరపడలేదు. "పెద్దాయనా, ట్రాక్టర్‌కు పేరు యాడ రాయిస్తావు?"

"బానెట్ మింద."

"ఇంజన్ లోపల రాయించవా?"

"ఇంజన్లో ఎవురు రాపిస్తారే? ఆయిల్లో..." అని ఆయన ఆగాడు. తెర వైపు, ఆమె వైపు, మళ్ళీ తెర వైపు చూశాడు. "అంటే మేము ఇంజన్లో రాసినామా?"

"పంపుకూ సిలిండరుకూ మధ్యలో రాసినారు. డీజిల్ పోయే దారిలో."

పెద్దాయన గట్టిగా నవ్వాడు. శివలీల కూడా. "శివలీలా, గ్రీసు పూసినోడు ఒక్కడే కాదు, మనమూ అట్లాంటి మెకానిక్కులమే," అన్నాడు.

"పేరు తియ్యొద్దు," అంది హులిగెమ్మ. "లోపల ఉత్త ఈరన్న అని దాని అక్షరాల్లో రాద్దాం. దానికి గూడా ఈరన్న తెలుస్తాడు. బయట, నువ్వు నొక్కే బొమ్మ కింద, తెలుగులో మీ కోడలు రాసినట్టే మొత్తం రాద్దాం. అది బానెట్. అక్కడ రాస్తే ఏం కాదు."

"రాయి మరి."

"నేను కాదు. రాసినోళ్ళే మార్చాల. నువ్వు నొక్కు."

"నాకు ఇంగిలీషు యాడొస్తాది?"

"ట్రాక్టర్ నంబరు ప్లేటు మింద ఏముండాది?"

"ఏ, పీ. అవి తెలుసులే."

"ఆ 'ఏ' రెండు మాట్లు వస్తాది దీంట్లో. మిగిలినవి నేను చూపిస్తా."

ఆయన ఎడమ చెయ్యి చాచాడు. హులిగెమ్మ కీబోర్డును కుడి వైపుకు జరిపింది. ఆయన ఒకసారి ఆమెను చూసి, ఒళ్ళో ఉన్న చేతిని తీసి బల్ల మీద పెట్టాడు. వారం ఊరకే ఉన్న వేళ్ళు దగ్గరికి ముడుచుకుని ఉన్నాయి. చూపుడు వేలు విడదీయడానికే చాలాసేపు పట్టింది. ఆమె చూపించిన మీటను ఆయన నొక్కాడు. వేలు పైకి లేవక, తెర మీద ఒకే అక్షరం బారుగా పడింది.

"చాల్చాలు. ఈరన్నకు అంత తోక వద్దు," అంది.

అవి చెరిపి మళ్ళీ నొక్కాడు. 'ఏ' దగ్గరికి వచ్చినప్పుడు ఆమె చూపించకముందే వేలు దాని మీదికి వెళ్ళింది. తప్పులు పడుతున్నాయి, చెరుపుతున్నాడు, మళ్ళీ నొక్కుతున్నాడు. హనుమేష్ బైకు తాళం చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. కదలలేదు. పేరు పూర్తయ్యేసరికి పెద్దాయన నుదురు తడిసింది. శివలీల బయటి బొమ్మ కింద తెలుగులో ప్రసన్న దాకా రాసింది. ఆయన దాన్ని చదివించుకుని విన్నాడు.

"ఇంగ కొట్టు సెల్ఫు," అంది హులిగెమ్మ.

నల్ల తెర వచ్చింది. ఎవరమూ ఊపిరి తీసుకోలేదు అని రాయను. ఆమె మాత్రం మామూలుగానే ఊపిరి తీసుకుంటోంది. ముందు రోజే చూసుకుంది కదా. కొండలు వచ్చాయి, ఆకాశం వచ్చింది. వంకర చేను మధ్యలో, సగం కోసిన గోధుమ పైరు ముందు కోత యంత్రం ఆగి ఉంది. ఒక సాలు సగంలో ఉంది. దసరా ముందు రోజు ఆయన దాన్ని అక్కడే ఆపి లేచాడట.

"అట్లే ఉండాది," అన్నాడు దేవేంద్రప్ప, గొంతు తగ్గించి. "వారం దినాలు పొలం ముఖం చూడకపోతే ఏముంటాది? రాలిపోతాది, పందులు తింటాయి, వానకు తడుస్తాది. ఇది యట్లున్నింది అట్లే ఉండాది. నా కోసరం ఆగింది."

హనుమేష్ గుమ్మం నుంచి రెండడుగులు లోపలికి వచ్చాడు. "నాయనా, ఇది మన ఈరన్న చేను కదా?"

"మరి ఎవురిది అనుకుంటివి?"

"ఆ వంకర..."

"కంచె దాటేదానికి ఎవుర్నీ అడిగే పనిలే. ఈడ దున్నుకుంటాండా. జొన్న లేదు దీంట్లో, గోధుమే. జొన్న అనుకుని కోస్తాండా."

హనుమేష్ అంగడికి ఆలస్యమవుతుందని ఆ తర్వాత అనలేదు. కుర్చీ లాక్కుని తండ్రి పక్కన కూర్చున్నాడు. పెద్దాయన కుడి చేత్తో మీట నొక్కి యంత్రాన్ని కదిలించాడు. అది కొంచెం అడ్డంగా పోయి, సర్దుకుని, సాలులో పడింది. ఈరన్న రాయి ఉండాల్సిన చోటు రాగానే పక్కకు తిరిగి, ఆ నేల చుట్టూ జాగ్రత్తగా పోయింది. హులిగెమ్మ సంచి భుజాన వేసుకుని కూడా, ఆ మలుపు తిరిగేదాకా వెనకే నిలబడి చూసింది. ఏ మిషన్‌నైనా ఒకసారి పూర్తి బరువు మీద నడిపి చూడకుండా ఆమె పంపదు.

నా మోటార్ పని కూడా ముగించుకుని ఆటోలో వెనక్కి బయలుదేరాం. ఆదోని దగ్గర పడుతుండగా, "వచ్చినోళ్ళను నేను అడిగేదే సరిగా లేదన్నా," అంది.

షాపు తెరిచేసరికి నంద్యాల వైపు నుంచి వచ్చిన ఒకాయన ల్యాప్‌టాప్ పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. దాన్ని బల్ల మీద పెట్టి, నకలు ఎక్కిస్తూ ఆమె అడగడం గోడ ఇవతలికి వినపడింది.

"ఏం మార్చినారు?"

"ఏం మార్చలేదు మేడం."

"సరే. పండగకు పూజ చేసినారా?"

"చేసినాం. ఎందుకు?"

"చేస్తే మంచిదే. ఏమేం చేసినారో చెప్పు, మొదట్నుంచి."